పిడుగు ఏ తీగలోంచి వస్తుంది? హోమ్ థియేటర్ రక్షణకు ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

రెండేళ్ల కిందట మే నెలలో ఊళ్లో ఒక సాయంత్రం ఉరుములు, మెరుపులు. పిడుగు మా ఇంటి మీద పడలేదు, రెండు వీధుల అవతల కొబ్బరి చెట్టు మీద పడింది. మర్నాడు పొద్దున్నే నాన్న ఫోన్ చేసి, "టీవీలో బొమ్మ రావట్లేదురా, బాక్సులో లైటు కూడా వెలగట్లేదు" అన్నారు. వెళ్లి చూస్తే సెట్‌టాప్ బాక్స్ పూర్తిగా పోయింది. బాక్సు నుంచి ఆంప్లిఫైయర్‌కి, అక్కణ్ణించి టీవీకి హెచ్‌డీఎంఐ తీగలు వేసి ఉన్నాయి. టీవీలో ఆ పోర్టు ఒక్కటే పోయింది. ఆంప్లిఫైయర్ ఆన్ అవుతోంది, ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పాట కూడా పాడుతోంది, కానీ హెచ్‌డీఎంఐలో ఏం పెట్టినా గుర్తుపట్టట్లేదు. ఇంత జరిగినా, నేను వెతికి వెతికి కొన్న స్పైక్ గార్డు మీద రక్షణ లైటు పచ్చగా వెలుగుతూనే ఉంది.

ఆ స్పైక్ గార్డు తప్పేమీ లేదు. దెబ్బ కరెంటు వైపు నుంచి రాలేదు. డాబా మీది డిష్ నుంచి కిందికి దిగిన కేబుల్లోంచి వచ్చింది. కనెక్టర్ విప్పి చూస్తే మధ్యలో ఉండే రాగి పిన్ను కొస నల్లబడి ఉంది, చుట్టూ ఉన్న తెల్ల ప్లాస్టిక్ మీద సూదిమొనంత మసి మచ్చ. ఆ మచ్చ చూశాకే నాకు విషయం తలకెక్కింది. మనం "ఏ స్పైక్ గార్డు కొనాలి" అని అడుగుతాం. ముందు అడగాల్సింది "నా సిస్టమ్‌కి బయటి నుంచి ఎన్ని తీగలు వస్తున్నాయి" అని.

ముందు తీగలు లెక్కపెట్టండి

టీవీ యూనిట్ ముందు నిలబడి లెక్కపెట్టండి. కరెంటు ఒకటి. డిష్ లేదా కేబుల్ టీవీ తీగ రెండోది. ఇంటర్నెట్ తీగ మూడోది. నాలుగోది చాలామంది మరిచిపోతారు. సీసీ కెమెరాల డీవీఆర్‌ను, అంటే ఆ దృశ్యాలను రికార్డు చేసే పెట్టెను, హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపి ఉంటారు. అంటే గేటు మీద, డాబా మూలల్లో ఉన్న కెమెరాల తీగలన్నీ డీవీఆర్ మీదుగా టీవీకి, టీవీ నుంచి ఆంప్లిఫైయర్‌కి చేరినట్టే.

పిడుగులో కరెంటు మామూలుగా 30,000 ఆంపియర్ల స్థాయిలో ఉంటుంది. అది కొన్ని మైక్రోసెకన్లలోనే ఎగసిపడుతుంది కాబట్టి, చుట్టుపక్కల పొడవుగా పరుచుకుని ఉన్న ప్రతి తీగలోనూ వోల్టేజ్ పుట్టిస్తుంది. తీగకు నేరుగా తగలనక్కర్లేదు. అలా పుట్టింది ఒక తీగలోంచి ఇంట్లోకొచ్చి, ఇంకో తీగలోంచి భూమిలోకి పోవాలని చూస్తుంది. ఆ దారి మధ్యలో మన పెట్టెలుంటాయి. వాటిలో అన్నిటికన్నా సున్నితమైనది హెచ్‌డీఎంఐ భాగం, ఎందుకంటే అది పనిచేసేదే 5 వోల్టులలోపు. అందుకే ఆంప్లిఫైయర్ బతికి ఉండి, దాని హెచ్‌డీఎంఐ బోర్డు ఒక్కటే చనిపోవడం ఇంత మామూలు.

కాబట్టి ఏదైనా కొనే ముందు తీగలు తగ్గించడం గురించి ఆలోచించాలి. ఒక తీగ తీసేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. దానికి ఏ పరికరమూ సాటి రాదు.

ప్లగ్గు పీకడం: ఉచితం, కానీ మనిషి ఉండాలి

దీన్ని మించిన రక్షణ లేదు. అయితే స్విచ్ ఆపడం, ప్లగ్గు పీకడం ఒకటి కాదు. మన గోడ స్విచ్ ఫేజ్‌ను మాత్రమే తెంచుతుంది. న్యూట్రల్, ఎర్త్ కలిసే ఉంటాయి. పైగా స్విచ్ లోపలి సందు కొన్ని మిల్లీమీటర్లే, పిడుగు వోల్టేజ్‌కి ఆ సందు అడ్డే కాదు. పీకితే కరెంటు ప్లగ్గుతో పాటు డిష్ కేబుల్ కూడా విప్పాలి. ఒకటి తీసి ఒకటి ఉంచితే మా ఇంట్లో జరిగిందే జరుగుతుంది.

ఇది ఉరుములు దూరంగా ఉన్నప్పుడే చేయాలి. నెత్తి మీద మెరుస్తుంటే తీగల జోలికి అస్సలు వెళ్లొద్దు, ఆంప్లిఫైయర్ పోతే పోనివ్వండి. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ 20, 40 కిలోమీటర్ల దూరంలో పిడుగులు పడుతుంటే చెబుతుంది. ఆ హెచ్చరిక చూసి లేచి పీకడానికి సమయం సరిపోతుంది. మన దగ్గర వానాకాలం వచ్చాక జాగ్రత్త పడదామనుకుంటే ఆలస్యమే. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అది ఎండాకాలం.

ఈ పద్ధతికి ఉన్న చిక్కు ఒక్కటే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అర్ధరాత్రి నిద్రలో ఉన్నప్పుడు ఇది పనిచేయదు. మిగతా వస్తువులన్నీ ఆ సమయాల కోసమే.

కరెంటు వైపు: రెండు వేర్వేరు శత్రువులు

దుకాణంలో స్టెబిలైజర్, స్పైక్ గార్డు, ఇన్వర్టర్ అన్నీ "వోల్టేజ్ ప్రాబ్లమ్‌కి" అనే ఒకే మాటతో అమ్ముతారు. నిజానికి సమస్యలు రెండు. ఒకటి పిడుగు వల్ల వచ్చే స్పైక్, అది మైక్రోసెకన్లలో వచ్చి పోతుంది. రెండోది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ తెగినప్పుడు వచ్చే హై వోల్టేజ్. 230 వోల్టులు రావాల్సిన ఇంటికి 300 దాటి 400 దాకా వచ్చి, లైన్‌మన్ వచ్చేదాకా అలాగే ఉండొచ్చు. గాలివాన వచ్చిన రోజున ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి రావచ్చు. ఒకదానికి పనికొచ్చే మందు రెండోదానికి పనికిరాదు.

స్పైక్ గార్డు అంటే లోపల ఎంఓవీ అనే బిళ్ల ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు. వోల్టేజ్ హద్దు దాటగానే ఆ బిళ్ల దారి తెరిచి స్పైక్‌ను పక్కకు మళ్లిస్తుంది. మంచిదైతే సుమారు వెయ్యి నుంచి రెండున్నర వేలు. కొనేటప్పుడు రంగు, సాకెట్ల సంఖ్య చూడకండి. ఎన్ని జౌల్స్ (ఎంత స్పైక్ శక్తిని తట్టుకుంటుందో చెప్పే అంకె) అని రాసి ఉందా, ఫేజ్-న్యూట్రల్ మధ్యే కాక ఎర్త్‌కి కూడా రక్షణ ఉందా, బిళ్ల చచ్చిపోతే చెప్పే లైటు విడిగా ఉందా, ఈ మూడూ చూడండి. రెండు వందలకు దొరికే బోర్డుల్లో ఎర్రలైటు, ఫ్యూజ్ తప్ప బిళ్ల అసలు ఉండకపోవచ్చు. ఒక్కో దెబ్బకు ఎంఓవీ కాస్త కాస్త అరిగిపోతుంది కూడా. లైటు ఆరినా, పెద్ద పిడుగు తర్వాత అనుమానం వచ్చినా మార్చేయాలి.

అయితే న్యూట్రల్ పోయి 400 వోల్టులు నిలకడగా వస్తే ఈ బిళ్ల ఆపలేదు. ప్రతి అర సైకిల్‌కీ దారి తెరుస్తూ, తెరుస్తూ కాలిపోతుంది. అలా కాలిన బోర్డు ఒకటి విప్పి చూశాను. నీలం బిళ్ల రెండుగా పగిలి, ప్లాస్టిక్ గోడ కరిగి లోపలికి వంగిపోయింది, చేప కాలినట్టు వాసన. కర్టెన్ పక్కన పెట్టే వస్తువు కాదది.

ఎస్‌పీడీ (సర్జ్ ప్రొటెక్షన్ డివైస్) అంటే అదే పని మెయిన్ బోర్డులో, మరింత బలంగా చేసేది. టైప్ 1 నేరుగా వచ్చే పిడుగు కరెంటు కోసం, టైప్ 2 తీగల్లో పుట్టి వచ్చే స్పైక్ కోసం. ఇంటికి టైప్ 2 సరిపోతుంది. పైన పిడుగు కడ్డీ ఉన్న భవనానికి, లేదా స్తంభాల మీది తీగలతో కరెంటు వచ్చే విడి ఇంటికి టైప్ 1, 2 కలిపి ఉన్నది మేలు. పిడుగు కడ్డీ భవనాన్ని కాపాడుతుంది కానీ లోపలి ఎలక్ట్రానిక్స్‌ను కాదు. దాని నుంచి కిందికి దిగే పట్టీలో కరెంటు పారేటప్పుడు పక్కనున్న వైరింగ్‌లో వోల్టేజ్ పుడుతుంది. ఎస్‌పీడీ కొనేటప్పుడు నిలకడగా తట్టుకునే వోల్టేజ్ 275 కాక 320 ఉన్నది అడగండి, మన లైన్లకు అదే నప్పుతుంది. కరెంటు ఎప్పుడూ నిలకడగా ఉండే చోటు కాదు మనది. సుమారు మూడు నుంచి ఆరు వేలు, ఎలక్ట్రీషియన్ కూలి వేరు.

ఇక్కడ ఒక విషయం ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి చూసుకోవాలి. ఎస్‌పీడీకి వెళ్లే తీగలు, దాన్నుంచి ఎర్త్‌కి వెళ్లే తీగ, అన్నీ కలిపి అర మీటరులోపే ఉండాలి. నీట్‌గా కనబడాలని తీగను బోర్డు చుట్టూ తిప్పి కడతారు. పిడుగు స్పైక్‌కి మీటరు తీగ కూడా పెద్ద అడ్డే. సుమారు వెయ్యి వోల్టులు ఆ తీగ మీదే మిగిలిపోయి మీ టీవీకి చేరతాయి. అందం తగ్గినా పొట్టిగా, నిటారుగా వేయించండి.

న్యూట్రల్ సమస్యకు మందు వేరు. ఓవర్-అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ అని ఎంసీబీ పక్కన బిగించే చిన్న పెట్టె దొరుకుతుంది, వెయ్యి నుంచి రెండు వేల మధ్య. ముందుపక్క వోల్టేజ్ అంకెల్లో కనబడుతూ ఉంటుంది. మీరు పెట్టిన హద్దు, అంటే 265 లేదా 270 దాటితే ఇల్లు మొత్తానికి కరెంటు తెంచేసి, మళ్లీ మామూలయ్యాక కాసేపు ఆగి కలుపుతుంది. పిడుగును ఇది ఆపలేదు, లోపల కరెంటు తెంచే స్విచ్ (రిలే) కదిలేలోపు స్పైక్ వచ్చి పోయి ఉంటుంది. కానీ ఊళ్లలో, శివారు కాలనీల్లో పిడుగుతో పోయిన వస్తువులుగా మనం లెక్కేసేవాటిలో కొన్ని నిజానికి న్యూట్రల్ పోవడం వల్ల పోయినవే. ఎస్‌పీడీ, ఇదీ రెండూ పెట్టించగలిగితే మంచిది. ఒక్కటే కొనగలిగితే, గాలి వీస్తే బల్బులు ఉన్నట్టుండి ప్రకాశంగా వెలిగే ఇంట్లో ముందు ఇదే పెట్టించండి.

స్టెబిలైజర్ విషయం చిన్నదే. మీ సౌండ్‌బార్ లేదా టీవీ వెనక స్టిక్కర్ చదవండి. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే లో వోల్టేజ్‌కి అది భయపడదు, స్టెబిలైజర్ అక్కర్లేదు. 220 నుంచి 240 మాత్రమే ఉన్న బరువైన ఆంప్లిఫైయర్ అయితే, అదీ మీ ఏరియాలో సాయంత్రాలు 180కి పడిపోతుంటేనే, ఆలోచించండి. ఇన్వర్టర్‌ను రక్షణగా లెక్కపెట్టకండి. కరెంటు ఉన్నంతసేపూ మామూలు హోమ్ ఇన్వర్టర్ బయటి కరెంటునే నేరుగా లోపలికి పంపుతుంది. దాని సంగతి శబ్దం దగ్గర మళ్లీ చెబుతాను.

ఎర్త్ లేకపోతే పైవన్నీ సగం పనే

పాత ఇళ్లలో సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. స్పైక్‌ను మళ్లించడానికి దారి లేకపోతే ఎంత ఖరీదైన బోర్డైనా ఏం చేస్తుంది? మీటరుతో కొలిచే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ రెసిస్టెన్స్ చూపించుకోండి. 5 ఓమ్‌లలోపు ఉంటే నిశ్చింత. ఎండాకాలంలో మట్టి ఎండితే అది పెరుగుతుంది, ఎర్త్ గుంతలో నీళ్లు పోయమని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. పిడుగులు ఎక్కువగా పడే ఏప్రిల్, మే నెలల్లోనే ఆ గుంత పొడిబారి ఉంటుందని గుర్తుంచుకోండి.

డిష్ స్తంభానికి ఎర్త్ ఇవ్వాలనుకుంటే విడిగా రాడ్డు పాతి వదిలేయొద్దు. దాన్ని మందపాటి రాగి తీగతో ఇంటి ఎర్త్‌కే కలపాలి. రెండు ఎర్త్‌లు వేర్వేరుగా ఉంటే పిడుగు పడిన క్షణంలో వాటి మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది, ఆ తేడా తీరేది మీ సెట్‌టాప్ బాక్సులోంచి, ఆంప్లిఫైయర్‌లోంచే.

సిగ్నల్ వైపు: అసలు ఎంపిక ఇక్కడుంది

డిష్ కేబుల్‌కి కోయాక్స్ సర్జ్ ప్రొటెక్టర్ అని ఒక చిన్న లోహపు ముక్క వస్తుంది, లోపల వోల్టేజ్ పెరిగితే దారి తెరిచే గ్యాస్ ట్యూబ్ ఉంటుంది. దానికి ఎర్త్ తీగ బిగించే స్క్రూ కూడా ఉంటుంది. ఆ స్క్రూ ఖాళీగా వదిలేస్తే అది వట్టి జాయింటే. కొనేటప్పుడు డిష్‌కి పనికొస్తుందా అని అడగండి, ఎందుకంటే డిష్ మూతిలో ఉండే ఎల్‌ఎన్‌బీకి బాక్సు నుంచి 13 లేదా 18 వోల్టుల డీసీ ఈ కేబుల్లోనే వెళ్లాలి. ఆ డీసీని ఆపేసే రకం పెడితే బొమ్మే రాదు. ఇది బాగా పనిచేసే వస్తువే. కానీ ఎర్త్ సరిగా ఉన్న ఇంట్లోనే.

ఫైబర్ ఇంటర్నెట్ ఉన్నవాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. గాజు తీగలో కరెంటు పారదు. ఒక్క జాగ్రత్త. స్తంభాల మీదుగా వేసే నల్లటి కేబుల్లో బలం కోసం సన్నని ఉక్కు తీగ ఉంటుంది. ఆ ఉక్కు తీగను ఇంటి బయటే కోసి, లోపలికి ఫైబర్ మాత్రమే తెచ్చారో లేదో చూసుకోండి. స్తంభాల మీదుగా, డాబాల మీదుగా మామూలు లాన్ కేబుల్ వేసి నెట్ ఇచ్చే చోట్ల మాత్రం పరిస్థితి డిష్ కేబుల్ లాంటిదే. దాన్ని రౌటర్ దగ్గరే ఆపేయండి. టీవీకి, ఆంప్లిఫైయర్‌కి వైఫై ఇవ్వండి.

ఇక టీవీ నుంచి సౌండ్ సిస్టమ్‌కి హెచ్‌డీఎంఐ వేయాలా, ఆప్టికల్ వేయాలా? నేను చాలా మాట్లాడాలనుకున్నది దీని గురించే. హెచ్‌డీఎంఐ ఆర్క్, ఈ-ఆర్క్‌లో (టీవీ శబ్దాన్ని ఆంప్లిఫైయర్‌కి పంపే పద్ధతులు) డాల్బీ అట్మాస్, అంటే పైనుంచి కూడా వినిపించే శబ్దం, వస్తుంది, ఒకే రిమోట్‌తో సౌండ్ పెంచుకోవచ్చు. కానీ అది రాగి, టీవీకి తగిలిన దెబ్బ అందులోంచి ఆంప్లిఫైయర్‌కి పాకుతుంది. ఆప్టికల్ కేబుల్లో ప్లాస్టిక్ పోగులోంచి ఎర్రటి వెలుగు మాత్రమే వెళ్తుంది. టీవీ మొత్తం కాలిపోయినా అవతలి పెట్టెకు ఆ దారిలో ఏమీ చేరదు. మూడు నాలుగు వందలకే దొరుకుతుంది. స్టీరియో, మామూలు డాల్బీ 5.1, డీటీఎస్ వస్తాయి. అట్మాస్ రాదు.

అంటే ఇది నాణ్యతకు, భద్రతకు మధ్య ఎంపిక. పైన అట్మాస్ స్పీకర్లు బిగించుకుని, ఓటీటీ సినిమాలు చూసేవాళ్లు ఆప్టికల్‌తో సరిపెట్టుకోలేరు. వాళ్లు హెచ్‌డీఎంఐ ఉంచుకుని, డిష్ తీగను తీసేయడమో డీవీఆర్‌ను వేరే చిన్న స్క్రీన్‌కి మార్చడమో చేయాలి. వార్తలు, సీరియళ్లు, పాత పాటలు చూసే ఇంటికి ఆప్టికల్ చాలు. ఫైబర్‌తో చేసిన హెచ్‌డీఎంఐ కేబుల్ కొంటే రెండూ దక్కుతాయని కొందరు చెబుతారు. అలాంటి కేబుళ్లలో చాలావాటిలో చిన్న సిగ్నళ్ల కోసం, కరెంటు కోసం రాగి తీగలు కూడా ఉంటాయి కాబట్టి దాన్ని పూర్తి అడ్డుగా నమ్మొద్దు.

హమ్, గరగర: వేరే జబ్బు, వేరే మందు

సౌండ్ ఆపినా స్పీకర్లో సన్నగా మ్‌మ్‌మ్ అని వినిపిస్తుంటే అది 50 లేదా 100 హెర్ట్జ్ హమ్. సాధారణంగా రెండు దారుల్లో ఎర్త్ అందడం వల్ల వస్తుంది. ముందు డిష్ కేబుల్ విప్పి వినండి. ఆగిపోతే దొంగ దొరికినట్టే. ఆగకపోతే ఆంప్లిఫైయర్‌కి వచ్చే తీగలను ఒక్కొక్కటిగా తీస్తూ వినండి. టీవీ, ఆంప్లిఫైయర్, సబ్‌వూఫర్ మూడింటినీ ఒకే బోర్డు మీద పెడితే చాలా ఇళ్లలో సమస్య అక్కడే తీరుతుంది. కంప్యూటర్ నుంచి వచ్చే తీగ కారణమైతే కొన్ని వందలకు గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ దొరుకుతుంది. బేస్ కొంచెం తగ్గొచ్చు. ఆప్టికల్ ఈ హమ్‌నీ ఆపుతుంది, పిడుగు దారినీ మూస్తుంది, నాకు దాని మీద ఇంత అభిమానం అందుకే.

ఒకసారి మా ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్, "సార్, ప్లగ్గులో మూడో పిన్ను తీసేద్దాం, హమ్ టక్కున ఆగిపోతుంది" అన్నాడు. ఆగుతుంది, నిజమే. కానీ లోపల ఎప్పుడైనా ఫేజ్ బాడీకి తగిలితే ఆంప్లిఫైయర్ పెట్టె మొత్తం షాక్ కొడుతుంది. స్పైక్ గార్డు ఎర్త్ వైపు ఇచ్చే రక్షణ కూడా పోతుంది. ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారినప్పుడే మోత వస్తుంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉండొచ్చు. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్లిఫైయర్‌కి అది పడదు, సైన్ వేవ్ ఒక్కటే దారి. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినప్పుడు, చవక ఎల్‌ఈడీ బల్బు వేసినప్పుడు గరగర వస్తే తీగల మీద ఫెర్రైట్ క్లిప్పులు (తీగ చుట్టూ బిగించే, గరగరను అడ్డుకునే చిన్న నల్ల దిమ్మెలు) వేసి చూడండి. హమ్‌కి మాత్రం అవి పనిచేయవు. స్పీకర్ తీగలను కరెంటు తీగల పక్కన కట్టకుండా, దాటాల్సిన చోట అడ్డంగా దాటించండి. వైర్‌లెస్ స్పీకర్లు వంటింట్లో మైక్రోవేవ్ పెట్టినప్పుడే తెగుతుంటే, రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటాయని అర్థం. స్పీకర్లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికి మార్చండి.

మీ ఇంటికి ఏది?

అద్దె ఫ్లాట్‌లో మెయిన్ బోర్డు ముట్టుకోలేరు. ఎర్త్ ఉందో లేదో చూసుకుని, ఒక మంచి స్పైక్ గార్డు కొని సిస్టమ్ మొత్తం దాని మీదే పెట్టండి, ఫైబర్ నెట్ తీసుకోండి. స్పైక్ గార్డుకు రెండున్నర వేలలోపే అవుతుంది. ఇల్లు మారితే అది మీతోనే వస్తుంది.

సొంత డాబా ఇల్లయితే ఎర్త్ కొలిపించి, వోల్టేజ్ ప్రొటెక్టర్, ఎస్‌పీడీ, డిష్ కేబుల్ ప్రొటెక్టర్ ఈ వరుసలో పెట్టించండి. ఎస్‌పీడీ ఉన్నా టీవీ దగ్గర స్పైక్ గార్డు ఉండనివ్వండి, మెయిన్ దగ్గర మిగిలిపోయిన స్పైక్‌ను అది అందుకుంటుంది. పిడుగు నేరుగా ఇంటి మీదే పడితే ఇవన్నీ ఉన్నా వస్తువులు దక్కుతాయని హామీ ఇవ్వలేం.

పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఊళ్లో పెద్దవాళ్లే ఉన్న ఇంట్లో ఉరుమినప్పుడల్లా వంగి టీవీ వెనక చెయ్యి పెట్టమని చెప్పలేం. నాన్న డిష్ వదులుకోనన్నారు. అందుకని డిష్ కేబుల్ మధ్యలో, కిటికీ పక్కన నిలబడి అందుకునే ఎత్తులో ఒక జాయింట్ వేయించాను. ప్లగ్గు కూడా ఆ పక్కనే ఉన్న సాకెట్‌కి మార్చాను. బాక్సు టీవీకే కలిపి, టీవీ నుంచి ఆంప్లిఫైయర్‌కి ఆప్టికల్ కేబుల్ ఒక్కటే వేశాను. ఇప్పుడు మబ్బు పట్టగానే అమ్మ ఆ రెండూ తీసి, కేబుల్ కొసను కిటికీ చువ్వకు తగిలిస్తుంది. ఆంప్లిఫైయర్‌కి ఇక మిగిలిన రాగి దారి దాని కరెంటు తీగ ఒక్కటే. అది కూడా టీవీతో పాటు అదే స్పైక్ గార్డు మీద ఉంది కాబట్టి, ఆ ప్లగ్గుతో పాటే ఊడి వస్తుంది.